బండి వీపున సముద్రపు ఆవు

ఓర్లాండో విమానాశ్రయంలో దిగి మా అమ్మాయి ఉండే మెల్బోర్న్ ఊరు చేరేసరికి గంటకు పైగా పట్టింది. మెల్బోర్న్ అంటే ఆస్ట్రేలియాలోది కాదు సుమండీ. ఫ్లోరిడా రాష్ట్రంలో, అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున, రాకెట్లు ఎగిరే కేప్ కెనావెరల్‌కి దక్షిణంగా అదే పేరుతో ఇంకో ఊరున్నది. విశాఖపట్నం నుంచి బయలుదేరి అప్పటికి ఒకటిన్నర రోజు గడిచింది. మావారు వెనుక సీట్లో గురక పెడుతున్నారు. నాకు మాత్రం కన్ను మూత పడలేదు. ముందు పోయే కార్ల వీపులు చూస్తూ కూర్చున్నాను.

చూడగా చూడగా ఒక వింత తోచింది. ఆ రాష్ట్రంలో కారుకి ముందువైపు నంబరు ప్లేటు అక్కర్లేదట, వెనుక ఒక్కటే. ఆ ఒక్కటీ కారుకో తీరుగా ఉన్నది. ఒకదాని మీద రెండు నారింజపళ్ళు. ఇంకొకదాని మీద రాకెట్టు. మరొకదాని మీద ఏదో విశ్వవిద్యాలయం గుర్తు. అంతలో ఒక పాత బండి మమ్మల్ని దాటి ముందుకు పోయింది. దాని ప్లేటు మీద కందదుంపకు కళ్ళు పెట్టినట్టున్న ఒక జంతువు!

"అదేమిటి బాబూ, ఆ దుంప?" అని అడిగాను మా అల్లుణ్ణి.

"దుంప కాదు అత్తయ్యగారూ, మానటీ. సముద్రపు ఆవు" అన్నాడతను నవ్వుతూ.

"అది వెజిటేరియన్, అమ్మమ్మా! మనలాగే" అన్నాడు ఆరేళ్ళ మనవడు. వాడికి అప్పటికే ఆ జంతువు మీద ప్రేమ కుదిరిపోయిందని నాకు తరువాత తెలిసింది.

ఇల్లు చేరి, పప్పుచారు పోసుకొని నాలుగు మెతుకులు తిన్నాక అల్లుడు ఈ ప్లేట్ల కథ వివరంగా చెప్పాడు. నారింజపళ్ళ ప్లేటు మామూలుది, అందరికీ ఇచ్చేది. బొమ్మ ప్లేటు కావాలంటే రిజిస్ట్రేషను రుసుము గాక ఏటా కొంత అదనంగా కట్టాలి. మానటీ ప్లేటుకి ఆ అదనం పాతిక డాలర్లు. ఆ పైకం రాష్ట్రపు పెద్ద ఖజానాలో కలిసిపోదు. మానటీల కోసమే చట్టం ప్రకారం ఏర్పాటైన నిధికి పోతుంది. చేపలూ వన్యమృగాలూ చూసే రాష్ట్ర కమిషను దాన్ని ఖర్చు పెడుతుంది.

ఈ పద్ధతికి అక్కడ మొదలు ఒక దుఃఖంలోంచి వచ్చింది. 1986 జనవరిలో ఛాలెంజరు అంతరిక్ష నౌక ఆకాశంలోనే పేలి ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. వారి స్మృత్యర్థం 1987లో ఆ నౌక బొమ్మతో ప్లేటు వేస్తే జనం విరివిగా కొన్నారు. ఆ ఉత్సాహం చూసి 1990 నాటికి మానటీకి ఒకటి, పాంథర్ అనే అడవి మృగానికి ఒకటి వేశారు. 1998లో సముద్రపు తాబేలు వంతు వచ్చింది.

మావారు అంతా విని, "మన దగ్గరా ఉందిగా ఈ యావ! హైదరాబాదులో 9999 నంబరు కోసం వేలంపాటలో లక్షలు పోస్తున్నారు. అంకెలు కలిపితే తొమ్మిది వస్తుందని!" అన్నారు. నిజమే. అయితే అక్కడ లక్షలు పోసినవాడికి అంకె దక్కుతుంది, సర్కారు ఖజానాకి డబ్బు దక్కుతుంది. ఆ డబ్బుతో ఏ కొల్లేటి కొంగకీ గింజ దక్కినట్టు నేను వినలేదు.

జనవరి నెలాఖరులో చలి బాగా పెట్టినప్పుడు, మానటీలను చూడాలంటే ఇదే అదనని పిల్లలు మమ్మల్ని బ్లూ స్ప్రింగ్‌కి తీసుకుపోయారు. మెల్బోర్న్‌కి ఉత్తరంగా సుమారు గంటన్నర దారి. సెయింట్ జాన్స్ అనే నది పక్కన భూమిలోంచి ఒక ఊట ఉబికి వస్తుంది. వేసవి కానీ, శీతాకాలం కానీ దాని నీరు 22, 23 సెంటీగ్రేడు డిగ్రీలే. మానటీ చూడ్డానికి కొండంత గానీ చలికి తట్టుకోలేదు. నీరు 20 డిగ్రీల కన్నా చల్లబడితే దానికి ప్రాణగండం. అందుకని నది చల్లబడగానే అవి ఈ ఊటలోకి వచ్చి పడుకుంటాయి.

కర్రల వంతెన మీద నిలబడి కిందికి చూశాను. అద్దంలాంటి నీరు. అడుగున పెద్ద పెద్ద బండరాళ్ళు పరిచినట్టున్నది. ఒక బండరాయి నెమ్మదిగా పైకి లేచి, రెండు ముక్కుపుటాలు తెరిచి, 'ఫూ' అని ఊపిరి వదిలి మళ్ళీ కిందికి దిగింది. అప్పుడు తెలిసింది, అవేవీ రాళ్ళు కావని. ఒకదాని పక్కన దూడ ఒకటి తల్లి చంక కింద మూతి పెట్టి పాలు తాగుతున్నది. చెబితే నమ్మరు, దీని పొదుగు ముందుకాళ్ళ చంకల్లో ఉంటుంది. ఏనుగుకి ఇది దూరపు చుట్టమట. ముందు తెడ్డుకాళ్ళకి ఏనుగుకున్నట్టే గోళ్ళు! పెరిగిన జంతువు పది అడుగుల పొడవు, నాలుగు వందల యాభై కిలోల దాకా బరువు. ఆ ఒళ్ళంతా గడ్డి తిని పెంచినదే. మన దేశంలో తమిళనాడు తీరాన, పాక్ జలసంధిలో ఉండే డ్యూగాంగు దీనికి దాయాది.

అక్కడ ఎర్రచొక్కా వేసుకొన్న ఒక పెద్దావిడ వచ్చినవాళ్ళకి ఉచితంగా వివరాలు చెబుతున్నది. నా చీర చూసి దగ్గరికి వచ్చింది. "ఆ వీపులు చూడండి" అని చెయ్యి చాపింది. ప్రతి వీపు మీదా తెల్లని గాట్లు, వరసగా, దువ్వెనతో గీసినట్టు. మోటారు పడవల అడుగున తిరిగే పంకాలు కోసిన గాయాల మచ్చలవి. మానటీ మెల్లగా కదిలే ప్రాణి, పడవ వేగంగా పోతే తప్పుకోలేదు. శాస్త్రజ్ఞులు ఈ మచ్చలనే ఫొటోలు తీసి దాచి, ఏ జంతువు ఏదో వాటితోనే గుర్తు పడతారు. మనుషులకి పుట్టుమచ్చలు రాసుకొన్నట్టు వాటికి మనం చేసిన గాయాలు రాసుకొంటున్నారన్నమాట. చాలాసేపు నాకు మాట రాలేదు.

1970 ప్రాంతాల ఈ ఊటకి వచ్చేవి ముప్పై చిల్లర. 2024 జనవరిలో ఒక్కరోజున 932 లెక్క తేలాయి. రాష్ట్రమంతటా 1991లో మొదటిసారి విమానాల మీంచి లెక్కిస్తే కనపడినవి పదిహేను వందల లోపు. 2021–22 అంచనా ప్రకారం ఎనిమిది వేల మూడు వందల పైనే ఉన్నాయి. లెక్క కట్టే పద్ధతి కూడా మారింది కనుక పెరుగుదలంతా జంతువులదే అనుకోరాదు గానీ, పెరిగిన మాట వాస్తవం. పడవలు నెమ్మదిగా పోవలసిన హద్దులు పెట్టారు. గాయపడ్డవాటిని పట్టి తెచ్చి వైద్యం చేస్తారు. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతిదాన్నీ వీలైనంతవరకు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ప్రయోగశాలకి చేర్చి ఎందుకు చచ్చిందో కోసి చూస్తారు. ఈ పనులకి కావలసిన డబ్బులో ప్లేట్ల పైకం ఒక ముఖ్యమైన వాటా.

తిరుగు దారిలో నేను పరమానందంగా ఉన్నాను. "పాతిక డాలర్లకి ఎంత పుణ్యం!" అన్నాను. మా అమ్మాయి వెంటనే బదులు చెప్పలేదు. ఊరు దగ్గర పడ్డాక కారు ఒక వంతెన ఎక్కింది. రెండు పక్కలా చూపు ఆనినంత మేర నీరు.

"అమ్మా, ఇది ఇండియన్ రివర్. పేరుకి నది గాని నిజానికి మన పులికాట్‌లాంటి ఉప్పునీటి సరస్సు. పొడవు రెండు వందల యాభై కిలోమీటర్లు. మానటీలు ఆకలితో చచ్చింది ఇక్కడే" అన్నది.

2021లో ఫ్లోరిడాలో 1,100 మానటీలు చనిపోయాయి. అంతకు ముందు ఏ ఏడూ అన్ని పోలేదు. పడవలు కొట్టి చచ్చినవి అందులో కొన్నే. ఈ సరస్సు అడుగున పెరిగే సముద్రపు గడ్డి సగానికి పైగా నశించిపోయింది. ఊళ్ళలోని పచ్చికబయళ్ళకు వేసే ఎరువులూ, ఇళ్ళ మరుగుదొడ్ల తొట్లలోంచి ఊరే నీరూ వానతో పాటు సరస్సులో చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. నాచు కమ్మితే వెలుతురు అడుగుకి దిగదు. వెలుతురు లేనిదే గడ్డి బతకదు. చలికాలంలో వెచ్చదనం కోసం కేప్ కెనావెరల్ దగ్గర కరెంటు కర్మాగారం వదిలే వేడినీటి చుట్టూ మానటీలు చేరతాయి. అక్కడ వెచ్చదనం ఉన్నది, మేత లేదు. ఆవులు ఎముకల గూళ్ళయి నీటిలో తేలాయి. ఆ శీతాకాలం ప్రభుత్వమే దిగి వచ్చి లెట్యూస్ అనే ఆకుకూరను వాటి ముందు నీటిలో పోయించింది. రెండు లక్షల పౌండ్లకి పైగా! విరాళాలిచ్చి ఆ కూర కొనిపెట్టింది జనమే. కరవు రోజుల్లో గంజి కేంద్రాల వంటిదే ఇది. మామూలు మనుషులు మానటీకి మేత పెట్టడం అక్కడ చట్టరీత్యా నేరం. మచ్చికైతే పడవల దగ్గరికి వస్తాయని.

"ప్లేట్లు ముప్పై ఏళ్ళుగా ఉన్నాయిగా మరి?" అన్నాను.

"ప్లేటు డబ్బుతో చచ్చినదాన్ని ఎందుకు చచ్చిందో చెప్పగలరు. ఊరి ఎరువుని ఆపగలరా?" అన్నది మా అమ్మాయి.

దీనికోసం ఆ జిల్లావాళ్ళు 2016లో ఓటు వేసి, కొన్న ప్రతి డాలరు సరుకు మీదా అర సెంటు చొప్పున పదేళ్ళు తమ మీద తామే పన్ను వేసుకొన్నారు, సరస్సు బాగుకోసం. నాకు అది ప్లేటు కంటే గొప్పగా తోచింది. ప్లేటు కొనేవాడు ఇష్టముంటే కొంటాడు. పన్ను అయితే సరస్సు ముఖం చూడనివాడు కూడా కట్టి తీరాలి.

ఇంటికి చేరి కారు దిగుతుంటే గరాజు మూల ఒక పెద్ద సంచీ కనపడింది. మీద పచ్చని గడ్డి బొమ్మ. ఎరువు! వాళ్ళ కాలనీ సంఘం గడ్డి పచ్చగా లేదని ఆ వారమే నోటీసు పంపిందట. "ఏం చెయ్యమంటారు అత్తయ్యగారూ, జరిమానా వేస్తారు" అన్నాడు అల్లుడు, నేనేమీ అనకముందే.

మనవడూ నేనూ సాయంత్రాలు వీధి చివర కూర్చుని ప్లేట్లు లెక్కించే ఆట మొదలుపెట్టాము. మానటీకి రెండు మార్కులు, తాబేలుకి రెండు, పాంథర్‌కి మూడు. రోజూ విశ్వవిద్యాలయాలే గెలిచేవి. ఇప్పుడు ఆ రాష్ట్రంలో వందకు పైగా బొమ్మ ప్లేట్లున్నాయి. నూట యాభైకి మించరాదని 2020లో చట్టం చేశారు. సాధారణంగా మూడు వేల కార్లకి తగ్గిన ప్లేటుని ఆపేస్తారు. అనగా మానటీ బంతాట జట్లతోనూ, కళాశాలలతోనూ పోటీపడి బతకాలి. ఎన్నికల్లో నిలబడ్డట్టే. బొమ్మలేని ప్రాణి గతేమిటి? ఆ సరస్సులో గడ్డి ఉన్నది కదా, అసలు ప్రాణం అదే. గడ్డి బొమ్మ ప్లేటు ఎవరు కొంటారు?

పాంథర్ సంగతి మరీ విడ్డూరం. అది మన చిరుతలాగా మచ్చలది కాదు, గోధుమవన్నె మృగం. దక్షిణ ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో ఒకప్పుడు ఇరవై ముప్పైకి దిగజారింది. 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాలను తెచ్చి వదిలాక వంశం నిలబడి, పెద్దవి నూట ఇరవై నుంచి రెండు వందల ముప్పై వరకు ఉన్నాయని అంచనా. రాష్ట్రం దాని మీద చేసే పరిశోధనకి ప్రధానమైన ఆదాయం ప్లేటు డబ్బే. మరి ఆ మృగాన్ని ఎక్కువగా చంపేదేమిటి? కారు! రోడ్డు దాటుతూ చక్రాల కింద పడుతుంది. చంపేదాని వీపునే దాన్ని కాపాడమని బొమ్మ. మావారు దీన్ని "నడిచే ప్రాయశ్చిత్తం" అన్నారు.

జూన్ నెల వచ్చింది. ఆ రాష్ట్రంలో కారు రిజిస్ట్రేషను యజమాని పుట్టినరోజు నాటికి తిరిగి రాయించుకోవాలి. మా అల్లుడి పుట్టినరోజు జూన్‌లోనే. తాను చదువుకొన్న విశ్వవిద్యాలయం ప్లేటు వేయించాలని అతని ముచ్చట. అమ్మాయి మామూలు నారింజపళ్ళే చాలునన్నది. డబ్బు ఇవ్వాలంటే నేరుగా చందా పంపుదామన్నది. మనవడు మానటీ తప్ప వద్దని భోజనం మాని కూర్చున్నాడు. నేను పెద్దదాన్ని గనక మాట్లాడకుండా ఊరుకొన్నాను. (మావారు దీన్ని ఒప్పుకోరు.)

ఆ వారాంతంలోనే తాబేలు నడకకి పోయాము. మెల్బోర్న్ బీచి నుంచి దక్షిణంగా ముప్పై కిలోమీటర్ల పైన ఇసుకతీరంలో ఆర్చీ కార్ పేరిట 1991లో ఏర్పాటైన అభయారణ్యం ఉన్నది. ఆర్చీ కార్ తాబేళ్ళ కోసం జీవితం ధారపోసిన ప్రొఫెసరు. ఆయన 1956లో అచ్చువేసిన పుస్తకం చదివి కదిలిపోయిన కొందరు పెట్టిన సంఘమే, 1959 నుంచి నడుస్తూ, తాబేలు ప్లేటుని సాధించింది. ఆ ప్లేటు పైకంలో నూటికి డెబ్బై పాళ్ళు రాష్ట్రపు తాబేళ్ళ విభాగానికి, ముప్పై పాళ్ళు పోటీ మీద ఇచ్చే గ్రాంట్లుగా విశ్వవిద్యాలయాలకీ, తీరపు సంఘాలకీ పోతాయి.

రాత్రి తొమ్మిది గంటలకి చేరాము. టార్చి వెయ్యరాదు, ఫోను తియ్యరాదు. రెండు గంటలు చీకట్లో కూర్చోబెట్టారు. నా మోకాళ్ళు పట్టేసి, "ఇక పోదాం" అనబోతుండగా కబురు వచ్చింది. ఒకరి వెనుక ఒకరుగా ఇసుకలో నడిచాము. లాగర్‌హెడ్ జాతి తల్లి తాబేలు, మన రుబ్బురోలు నాలుగింతలుంటుంది, వెనుక తెడ్లతో బానలాంటి గొయ్యి తవ్వి గుడ్లు పెడుతున్నది. ఎర్రదీపం వెలుగులో ఒక్కొక్కటీ పింగ్‌పాంగు బంతిలా జారిపడుతున్నది. నూరుదాకా పెడుతుందట. కళ్ళలోంచి ధారగా నీరు. ఒంటిలోని ఉప్పు అలా వెళ్ళగొట్టుకుంటుందని వివరం చెప్పారు. శాస్త్రం అలాగే అంటుంది. చూసే ఆడదాని మనసు ఇంకోలా అనుకొంటుంది. ముప్పాతిక గంట ఎవ్వరూ పలకలేదు. గొయ్యి పూడ్చి, ఇసుక చదును చేసి, ఆయాసపడుతూ సముద్రంలోకి వెళ్ళిపోయింది.

నాకు భీమిలి గుర్తుకొచ్చింది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మా తీరానికీ ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లకి వస్తాయి. అటవీశాఖవాళ్ళు గుడ్లు ఏరి కంచెలో పొదిగించి పిల్లల్ని వదులుతారు. అయినా పొద్దున్నే నడకకి పోయేవాళ్ళకి వలల్లో ఊపిరాడక చచ్చి ఒడ్డుకు పడ్డవి ఎదురవుతూనే ఉంటాయి. ఇన్నేళ్ళూ నేను ముక్కు మూసుకొని పక్కకి తప్పుకొని పోయాను. ఒక్క పైసా ఎవరికీ ఇచ్చి ఎరగను. ఎవరూ అడగలేదు కూడాను.

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట. మర్నాడు పొద్దున్న నా పర్సులోంచి పాతిక డాలర్లు తీసి అల్లుడి చేతిలో పెట్టాను. "పుట్టినరోజు కానుక బాబూ. ఏ బొమ్మ అన్నది మీ ఇష్టం" అన్నాను. అతను మొహమాటపడ్డాడు. "ఈ ఏడు మీరు కడితే వచ్చే ఏడు నేను కట్టొద్దా అత్తయ్యగారూ?" అన్నాడు. "అదే కదా ఇందులో కిటుకు" అన్నారు మావారు పత్రికలోంచి తల ఎత్తకుండా.

సాయంత్రం ఆఫీసు నుంచి కాగితపు కవరుతో వచ్చాడు. మనవడు చింపి చూశాడు. మానటీ! తండ్రీ కొడుకులు వాకిట్లో గొంతుక్కూర్చుని నారింజపళ్ళను విప్పి దాన్ని బిగించారు. మరలు బిగించే పని వాడిదే. ఒక మర వంకర పోయింది.

ఎరువు బస్తా మాత్రం గరాజు మూల అలాగే ఉన్నది. నత్రజని, భాస్వరం ఉన్న ఎరువులు జూన్ ఒకటి నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా వెయ్యరాదని ఆ జిల్లా నిబంధన. వానలకి కొట్టుకుపోయి సరస్సులో పడతాయని. అక్టోబరులో వెయ్యవచ్చు. కాలనీ సంఘం నోటీసు ఇంకా ఫ్రిజ్ తలుపు మీద అంటించే ఉన్నది. మా ఆరు నెలల గడువు జూలైతో తీరిపోయింది, వచ్చేశాము.

ఆదివారాలు ఫోను చేసినప్పుడు ముందుగా మనవణ్ణే అడుగుతున్నాను, బస్తా విప్పారా అని.

"లేదు అమ్మమ్మా. దాని మీద బల్లి పడుకుంది" అంటాడు.